రిగ్గు అద్దె ఎంత పడుద్ది? నేల మీదా సముద్రంలోనూ లెక్క వేసే పద్ధతి మొత్తం

చమురు, గ్యాస్ బావులు తవ్వే రిగ్గు రోజుకి ఎంత అని అందరూ అడుగుతారు గానీ, ఆ రేటు ఎన్ని రోజులు కట్టాలి, పని జరగని రోజుకి ఎవరు కట్టాలి అని అడిగేవాళ్ళు బాగా తక్కువ, డబ్బు పోయేది మాత్రం అక్కడే. గోదావరి జిల్లాల్లో బావుల ఖర్చు లెక్కలు కొన్నేళ్ళు చూసిన అనుభవంతో ఇది రాస్తున్నా. పెట్రోలియం ఇంజనీరింగ్ చదివే పిల్లలకీ, చిన్న ఫీల్డులు తీసుకున్న కంపెనీల్లో కొత్తగా చేరినోళ్ళకీ, రిగ్గు కాంట్రాక్టర్ల దగ్గర టెండర్ పని చూసేవాళ్ళకీ పనికొస్తదని నా నమ్మకం. నెమ్మదిగా చదవండి, పక్కన ఒక ఎక్సెల్ షీట్ తెరిచి పెట్టుకుంటే ఇంకా మంచిది.

స్టెప్ 1: ముందు బావి సంగతి తేల్చండి, రిగ్గు తర్వాత

ఎంత లోతు, అడుగున ప్రెషర్ ఎంత, వేడి ఎంత, ఎన్ని కేసింగులు (బావి గోడలు కూలకుండా లోపల పెట్టే ఉక్కు గొట్టాలు) దించుతారు, అన్నిటికంటే బరువైన కేసింగ్ ఎన్ని టన్నులు. ఈ నాలుగైదు తెలిస్తే రిగ్గు సైజు దానంతటదే తేలిపోద్ది. నేల రిగ్గుల్ని హార్స్ పవర్ తో పిలుస్తారు, ఉజ్జాయింపుగా 1000 హెచ్‌పీ అయితే 3000 మీటర్ల పైచిలుకు, 1500 హెచ్‌పీ 4500 నుంచి 5000 దాకా, 2000 హెచ్‌పీ 6000 మీటర్ల దాకా అనుకోవచ్చు. కానీ హెచ్‌పీ చూసి ఆగిపోకండి, హుక్ లోడ్, అంటే రిగ్గు ఎత్తగలిగే బరువు, చూడండి, మడ్ పంపులు (తవ్వేటప్పుడు బావిలోకి బురద లాంటి ద్రవాన్ని తోసేవి) రెండా మూడా, ఏ ప్రెషర్ కి పని చేస్తాయి, టాప్ డ్రైవ్, అంటే డ్రిల్ పైపుని పై నుంచి తిప్పే మోటారు, ఉందా లేదా అన్నీ చూడాలి. టాప్ డ్రైవ్ లేని రిగ్గు రోజు రేటు తక్కువగా కనపడుద్ది కానీ వంకర బావి తవ్వేటప్పుడు పైపు ఇరుక్కుంటే ఆ మిగిలిన డబ్బు రెండు రోజుల్లో ఆవిరైపోద్ది.

మన కేజీ (కృష్ణా గోదావరి) బేసిన్ లో ఇంకో సంగతి ఉంది. ఇక్కడ లోతుకి వెళ్ళేకొద్దీ ప్రెషర్, వేడి రెండూ గట్టిగా ఉంటాయి, గుజరాత్ ప్రభుత్వ కంపెనీ జీఎస్‌పీసీ కాకినాడ దగ్గర సముద్రంలో దీన్ దయాళ్ ఫీల్డులో పడిన కష్టాలకి ఇదీ ఒక పెద్ద కారణం. కాబట్టి బీఓపీ, అంటే బావి నోటి దగ్గర గ్యాస్ తన్నుకురాకుండా మూసే వాల్వుల దొంతర, 10,000 పీఎస్ఐ ప్రెషర్ ఆపేది చాలుద్దా 15,000 కావాలా అన్నది మొదట్లోనే తేల్చుకోవాలి. 15,000 ది ఉన్న రిగ్గులు తక్కువ, రేటు ఎక్కువ. ఇక్కడ పొదుపు చూడొద్దు అని చేతులు జోడించి చెప్తా. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది, ఆ వయసు వాళ్ళని ఎవర్ని అడిగినా రాత్రుళ్ళు పగల్లా ఉండేవని ఇప్పటికీ చెప్తారు.

సముద్రంలో అయితే మొదటి ప్రశ్న నీటి లోతు. సుమారు 120 మీటర్ల లోపు అయితే జాకప్, అంటే కాళ్ళు నేలకి దించి నీళ్ళ పైకి లేచి నిలబడే రిగ్గు, సూరసానియానం ఎదురుగా ఉన్న రవ్వ ఫీల్డు లాంటి చోట్లకి ఇదే. అంతకంటే లోతైతే తేలే రిగ్గు, అందులో సెమీ సబ్‌మెర్సిబుల్ (సగం మునిగి తేలే వేదిక) ఒకటి, డ్రిల్‌షిప్ (బావి తవ్వే ఓడ) ఒకటి. రిలయన్స్ కేజీ-డీ6, ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులు ఈ కోవలోవి, ఆ 98/2 లో 2024 జనవరిలో మొదటి చమురు తీశారు, ఆ బ్లాకులో నీటి లోతు 300 మీటర్ల దగ్గర మొదలై 3000 దాటుద్ది. ఇదే తీరంలో 2013 లో ధీరూభాయ్ డీప్‌వాటర్ కేజీ1 అనే డ్రిల్‌షిప్ ఓఎన్‌జీసీ కోసం 3,174 మీటర్ల నీటి లోతులో బావి తవ్వితే అది అప్పటికి ప్రపంచ రికార్డు. అలాంటి షిప్ రోజు అద్దె ఆ రోజుల్లో 5 లక్షల డాలర్ల స్థాయిలో ఉండేది.

స్టెప్ 2: మార్కెట్ ఏ మూడ్ లో ఉందో చూడండి

రిగ్గు అద్దె ఇంటద్దె లాంటిది కాదు, ఏటా 5 శాతం పెరిగే రకం అసలు కాదు. బాగా లోతు నీళ్ళలో పని చేసే డ్రిల్‌షిప్పులు 2013, 14 లో రోజుకి 6 లక్షల డాలర్ల దాకా పలికాయి, 2014 చివర చమురు ధర కూలాక 2 లక్షల లోపుకి పడిపోయాయి, కొన్నిటిని తుక్కుకి అమ్మేశారు, మళ్ళీ 2023, 24 కి 5 లక్షల దగ్గరికి చేరాయి. ఒకే షిప్, ఒకే సిబ్బంది, రేటు మాత్రం మూడింతల తేడా.

జాకప్పులకి ఇంకో తంతు. 2024 మొదట్లో సౌదీ ప్రభుత్వం ఉత్పత్తి సామర్థ్యం ఇంక పెంచొద్దు అనేసరికి ఆరామ్‌కో 20 కి పైగా జాకప్పుల్ని పక్కన పెట్టేసింది, అవన్నీ పని కోసం వేరే దేశాల టెండర్లలోకి దిగాయి, దాంతో రేట్ల మీద ఒత్తిడి వచ్చింది. అంటే కాకినాడ ఎదురుగా మీ బావికి పడే రేటు రియాద్ లో తీసుకున్న నిర్ణయం మీద కూడా ఆధారపడుద్ది. నేల రిగ్గుల సంగతికొస్తే అమెరికాలో పెర్మియన్ లాంటి చోట మంచి 1500 హెచ్‌పీ రిగ్గు 2023 లో రోజుకి 35 వేల డాలర్లకి అటూ ఇటూగా నడిచింది. ఆ అంకె తెచ్చి మన దగ్గర పెట్టకండి, అక్కడ రిగ్గు తనంతట తనే నడిచి పక్క బావి మీదకి వెళ్ళిపోద్ది, జీతాలు వేరు, బావి తవ్వే స్పీడు వేరు.

మన దగ్గర రేటు తెలుసుకోడానికి మంచి దారి ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా టెండర్లలో ప్రైస్ బిడ్లు తెరిచాక బయటికొచ్చే అంకెలు, స్టాక్ మార్కెట్లో ఉన్న రిగ్గు కంపెనీలు ఎక్స్ఛేంజీకి ఇచ్చే కాంట్రాక్టు సమాచారం. ఆర్డర్ మొత్తం విలువని రోజులతో భాగిస్తే రేటు వస్తది, అందులో మొబిలైజేషన్, అంటే రిగ్గుని సైటుకి తెచ్చే ఖర్చు, కలిపారా లేదా అన్నది మాత్రం చూసుకోండి.

కొనుక్కుంటే పోదా అని కొందరు అడుగుతారు. ఓఎన్‌జీసీ మన హైదరాబాద్ మేఘా కంపెనీకి 47 రిగ్గులు ఆర్డర్ ఇచ్చింది, 27 డ్రిల్లింగువి, 20 పాత బావుల్ని బాగుచేసే వర్కోవర్ వి, సుమారు 6000 కోట్లు. సగటున ఒక్కోటి 125 కోట్ల పైన. ఈ అంకె చూస్తే రిగ్గు ఓనర్ మూడేళ్ళ కాంట్రాక్టు కోసం ఎందుకు పట్టుబడతాడో అర్థమవుద్ది. రోజుకి 12 లక్షల చొప్పున ఏడాదికి 300 రోజులు పని దొరికినా 36 కోట్లు, అందులోంచి జీతాలు, రిపేర్లు, వడ్డీ పోవాలి. అందుకే ఒక్క బావికి రిగ్గు అడిగితే రేటు మండుద్ది, ఆరు బావులకి అడిగితే దిగొస్తది. చిన్న ఆపరేటర్లు, అంటే ఫీల్డు తీసుకుని బావి తవ్వించుకునే కంపెనీలు, పక్క బ్లాకు వాళ్ళతో కలిసి ఒకే రిగ్గు పంచుకోవడం నా లెక్కన అన్నిటికంటే మంచి పొదుపు.

స్టెప్ 3: కాంట్రాక్టులో ఒక రేటు ఉండదు, ఆరేడు ఉంటాయి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్, ఇక్కడ తొందరపడొద్దు.

పని నడిచే రోజుకి ఆపరేటింగ్ రేటు, ఇది నూటికి నూరు. రిగ్గు సిద్ధంగా ఉండి మీ వల్ల పని ఆగితే, అంటే కేసింగ్ రాలేదు, సిమెంటు వాళ్ళు రాలేదు, జియాలజిస్టు ఇంకా నిర్ణయం చెప్పలేదు, అప్పుడు స్టాండ్‌బై రేటు, ఇది సాధారణంగా ఆపరేటింగ్ రేటులో 90 నుంచి 95 శాతం. అంటే రిగ్గు ఖాళీగా కూర్చున్నా మీకు మిగిలేది పదో పరకో. రిగ్గు సామాను పాడైతే రిపేర్ రేటు, నెలకి ఇన్ని గంటల దాకా డబ్బు ఇస్తాం, అది దాటితే జీరో అని రాసుకుంటారు. ఆ గంటలు నెలకి లెక్కా, మిగిలినవి వచ్చే నెలకి కలుస్తాయా అన్నది ఒక్క వాక్యంలో ఉంటది, ఆ వాక్యం మీద పెద్ద పెద్ద గొడవలు అయ్యాయి. రిగ్గు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారేటప్పుడు మూవింగ్ రేటు, లేదా మొత్తానికి ఒక ముద్ద సొమ్ము. తుఫాను, వరద, బంద్ లాంటివాటికి ఫోర్స్ మెజూర్ రేటు, ఇది ఎన్ని రోజులు కడతారు, ఎన్ని రోజులు దాటితే కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు అన్నది కూడా రాయించుకోవాలి.

వాతావరణం కోసం ఆగిన రోజు ఏ రేటులోకి వస్తదో సముద్రం పనికైతే విడిగా రాయించండి. బంగాళాఖాతంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం, పశ్చిమ తీరంలో జూన్ నుంచి సెప్టెంబర్ రుతుపవనాలు. ఆ నెలల్లో జాకప్ ని లాక్కెళ్ళడమే కుదరకపోవచ్చు, కాళ్ళు దించాలన్నా ఎత్తాలన్నా అలలు తగ్గాలి.

ఇంకోటి, బావిలో పోయిన సామాను. డ్రిల్ పైపు లోపల ఇరుక్కుని తెగిపోతే, ఎంత లాగినా రాకపోతే, ఆ పైపు ఖరీదు చాలా కాంట్రాక్టుల్లో ఆపరేటర్ మీదే పడుద్ది, అరుగుదల తీసేసి లెక్క కడతారు. కొత్తవాళ్ళు దీనికి బడ్జెట్లో ఒక్క రూపాయి కూడా పెట్టరు. డీజిల్ ఎవరిది అన్నది ఇంకో పెద్ద ఖర్చు. సముద్రంలో మామూలుగా ఆపరేటరే పోయిస్తాడు. యాంకర్లు లేకుండా ఇంజన్ల బలంతోనే ఒకే చోట నిలబడే డ్రిల్‌షిప్ రోజుకి పదుల టన్నుల డీజిల్ తాగుద్ది, అది రోజు రేటులో లేదు.

ఇవి కాక మీటరుకి ఇంత అని, లేదా బావి మొత్తానికి ఇంత అని టర్న్‌కీ లెక్కన ఇచ్చే కాంట్రాక్టులూ ఉన్నాయి. తెలిసిన ఏరియాలో, లోతు తక్కువ బావులకి మీటరు రేటు బాగానే ఉంటది. ప్రెషర్ ఎక్కువున్న కేజీ బావులకి నేనైతే వద్దంటా. మీటర్లకి డబ్బొచ్చేటప్పుడు మనిషి చెయ్యి ఆగదు, జాగ్రత్తగా వెళ్ళాల్సిన చోట తొందర పడతారు.

స్టెప్ 4: తేవడం, మార్చడం, పంపడం

మొబిలైజేషన్ అంటే రిగ్గు మీ సైటుకి చేర్చి మొదటి బావికి సిద్ధం చెయ్యడం. డీమొబ్ అంటే పంపించెయ్యడం. మధ్యలో ఒక బావి నుంచి ఇంకో బావికి మార్చేదాన్ని మన ఫీల్డులో ఐఎల్‌ఎం అంటారు. చాలా అంచనాలు తప్పేది ఈ ఐఎల్‌ఎం దగ్గరే.

1500 హెచ్‌పీ రిగ్గు అంటే పదుల కొద్దీ ట్రైలర్ల సామాను. రాజస్థాన్ ఇసుకలో ఒక లెక్క, కోనసీమలో ఇంకో లెక్క. ఇక్కడ రోడ్డంటే కాలవ గట్టు, ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క కొబ్బరి తోట, మలుపులో ట్రైలర్ తిరగాలంటే ఎవరో ఒకరి ప్రహరీ అడ్డం వస్తది. ఒకసారి మా సైటుకి వెళ్ళే దారిలో ఒక పాత కల్వర్టు లోడు ఆపుద్దో లేదో ముందుగా ఎవరూ చూడలేదు, సగం సామాను అవతలా సగం ఇవతలా ఉండిపోయి తొమ్మిది రోజులు ఆగాం, దారి చూపించే బాధ్యత మాది కాబట్టి ఆ తొమ్మిది రోజులూ స్టాండ్‌బై రేటు మేమే కట్టాం. ఆ డబ్బుతో కొత్త కల్వర్టులు రెండు కట్టి ఊరికి ఇచ్చుండొచ్చు, ఇప్పటికీ అది తలుచుకుంటే బాధేస్తది. అందుకే రూట్ సర్వే టెండర్ కి ముందే చేయించండి, టెండర్ అయ్యాక కాదు. నల్లరేగడి, బంకమట్టి నేలల్లో రిగ్గు బరువు ఆపాలంటే సైటుకి పైలింగ్ కావాలి, వానాకాలం వస్తే కంకర ఎంత పోసినా దిగిపోద్ది, ఇవి సివిల్ ఖర్చులు, రిగ్గు ఖాతాలో కనపడవు.

జాకప్ కి రెండు మూడు టగ్గులు, మెరైన్ వారంటీ సర్వేయర్ (బీమా తరఫున తరలింపు తనిఖీ చేసేవాడు), సముద్రం అడుగు మట్టి పరీక్ష ఉండాలి. గోదావరి తెచ్చి పోసిన మెత్తని బంకమట్టిలో కాళ్ళు లోతుగా దిగిపోతాయి, మళ్ళీ పీకడానికి రోజులు పట్టొచ్చు. ఆ రోజులకీ అద్దె నడుస్తనే ఉంటది.

స్టెప్ 5: రిగ్గు పక్కన నడిచే మీటర్లు కూడా కలపండి

రిగ్గు ఒక్కటే బావి తవ్వదు. మడ్ కంపెనీ, సిమెంటింగ్, డైరెక్షనల్ డ్రిల్లింగ్, లాగింగ్ (బావి లోపలి రాళ్ళని పరికరాలతో కొలవడం), కేసింగ్ దించే టీమ్, క్యాంపు, సెక్యూరిటీ, వీళ్ళందరికీ చాలావరకు రోజు లెక్కనే ఇస్తారు. సముద్రంలో అయితే సప్లై బోట్లు, హెలికాప్టర్, ఒడ్డున బేస్. ఇవన్నీ కలిపిన రోజు ఖర్చుని స్ప్రెడ్ రేటు అంటారు. ఆఫ్‌షోర్ లో స్ప్రెడ్ రేటు రిగ్గు రేటుకి సుమారు రెట్టింపు ఉంటదని ఫీల్డులో అందరూ వేసుకునే మోటు లెక్క, మొదటి అంచనాకి చాలు.

దీని వల్ల ఒక సంగతి తేలుద్ది. రోజు రేటు 10 శాతం ఎక్కువున్నా బావిని వారం ముందు ముగించే రిగ్గే చవక.

స్టెప్ 6: రోజుల అంచనా

పక్కన తవ్విన పాత బావుల రిపోర్టులు తెప్పించుకుని లోతు వర్సెస్ రోజులు గ్రాఫ్ గీయండి. అన్నిటికంటే బాగా నడిచిన బావిని పట్టుకుని ప్లాన్ చెయ్యొద్దు, మధ్యస్తంగా నడిచినదాన్ని పట్టుకోండి. ఆ పైన ఊరికే పోయే టైముకి 15 శాతం పెట్టండి, ప్రెషర్ ఎక్కువున్న చోట ఇంకొంచెం. టెస్టింగ్ రోజులు మర్చిపోవద్దు, గ్యాస్ పడ్డాక పరీక్షించే రెండు వారాలూ రిగ్గు పైనే ఉంటది.

స్టెప్ 7: పన్నులూ అనుమతులూ

చమురు తవ్వకానికి ఇచ్చే సేవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 18 కి పెరిగింది. క్రూడ్, నాచురల్ గ్యాస్ జీఎస్టీ పరిధిలో లేవు కాబట్టి ఆపరేటర్ కట్టిన జీఎస్టీని అమ్మకం మీద సర్దుకునే దారి లేదు, మొత్తం ఖర్చులోకే పోద్ది. ఇది చిన్న ఆపరేటర్ల నడ్డి విరిచే సంగతి, పెట్రోలియంని జీఎస్టీలోకి తెచ్చేదాకా ఈ బాధ తీరదని నా గట్టి అభిప్రాయం. విదేశీ రిగ్గు అయితే 1961 ఆదాయపు పన్ను చట్టం 44బీబీ సెక్షన్ కింద వచ్చిన సొమ్ములో 10 శాతాన్ని లాభంగా లెక్కగట్టి పన్ను వేసేవాళ్ళు, ఇప్పుడు కొత్త చట్టంలో ఎలా ఉందో మీ ఆడిటర్ తో చూపించుకుని, ఆ పన్ను ఎవరు భరిస్తారో రేటుతో పాటే మాట్లాడుకోండి. కస్టమ్స్ రాయితీకి కాగితాలు, సముద్రంలో భద్రతకి ఓఐఎస్‌డీ (చమురు పరిశ్రమ భద్రత చూసే సంస్థ) అనుమతి, నేల మీద డీజీఎంఎస్ (గనుల భద్రత శాఖ) రూల్స్, విదేశీ నౌకలకి డీజీ షిప్పింగ్ అనుమతి, రక్షణ శాఖ క్లియరెన్సు. ఒక్క కాగితం ఆలస్యమైనా రిగ్గు లంగరేసి కూర్చుంటది.

స్టెప్ 8: లెక్క వేసి చూద్దాం

ఇవి కేవలం పద్ధతి చూపించడానికి నేను అనుకున్న అంకెలు, కొటేషన్ అనుకోకండి.

నేల మీద, 4000 మీటర్ల గ్యాస్ బావి, 1500 హెచ్‌పీ రిగ్గు, రోజుకి 12 లక్షలు. కొత్త కుర్రాడు ఏం చేస్తాడంటే తవ్వకం 60 రోజులు ఇంటూ 12 లక్షలు, 7 కోట్ల 20 లక్షలు అని రాసేస్తాడు. ఇప్పుడు అసలుది చూడండి. తవ్వకం 60, టెస్టింగ్ 15, కలిపి 75 రోజులకి 9 కోట్లు. పైపు ఇరుక్కుని ఫిషింగ్ లో, అంటే దాన్ని బయటికి లాగడంలో, 8 రోజులు, ఫుల్ రేటే, 96 లక్షలు. దారి గొడవతోనో సామాను రాకో 5 రోజులు స్టాండ్‌బై, 90 శాతం లెక్కన 54 లక్షలు. రిగ్గు రిపేర్ 4 రోజులు, అందులో ఒక రోజుకి డబ్బు ఇవ్వాలి, 12 లక్షలు, మిగతా మూడూ జీరో. ఐఎల్‌ఎం ముద్దగా కోటిన్నర. మొబ్ 3 కోట్లని ఆరు బావులకి పంచితే 50 లక్షలు, డీమొబ్ కోటిని పంచితే సుమారు 17 లక్షలు. మొత్తం 12 కోట్ల 79 లక్షలు, 18 శాతం జీఎస్టీ 2 కోట్ల 30 లక్షలు, వెరసి 15 కోట్ల 9 లక్షలు. మొదట రాసినదానికి రెట్టింపు దాటింది, ఇంకా మడ్డూ సిమెంటూ కలపనే లేదు.

సముద్రంలో, జాకప్, రోజుకి 50 వేల డాలర్లు, 45 రోజుల బావి, మిగతా సర్వీసులూ బోట్లూ అన్నీ కలిపి రోజుకి 60 వేలు. రిగ్గుకి 22.5 లక్షల డాలర్లు, సర్వీసులకి 27 లక్షలు. వాతావరణం కోసం 4 రోజులు, రిగ్గు 95 శాతం అంటే 47,500, సర్వీసులు ఫుల్లు, కలిపి 4.3 లక్షలు. రిగ్గు మార్చే 5 రోజులకి 90 శాతం లెక్కన 2.25 లక్షలు. మొబ్ 20 లక్షల్ని నాలుగు బావులకి పంచితే 5 లక్షలు. మొత్తం 61.05 లక్షల డాలర్లు, పన్ను కాక. 45 తో భాగిస్తే రోజుకి లక్షా 35 వేల పైన. టెండర్ కాగితం మీద కనపడింది 50 వేలు. డాలర్ రెండు రూపాయలు పెరిగితే ఈ బావి మీద ఇంకో కోటీ 22 లక్షలు.

స్టెప్ 9: సంతకం ముందూ, తర్వాతా

రిగ్గు తీసుకునే ముందు మూడో పార్టీతో ఇన్‌స్పెక్షన్ చేయించండి, బీఓపీ సర్టిఫికెట్ తేదీ, డెరిక్ (రిగ్గు టవర్) తనిఖీ, పైపుల అల్ట్రాసోనిక్ రిపోర్టు చూడండి, గత ఏడాది ఎన్ని గంటలు రిపేర్ లో పోయాయో రిగ్గు లాగ్ అడగండి, ఇవ్వనంటే అదే సమాధానం అనుకోండి. లేటుగా తెస్తే జరిమానా, బ్యాంకు గ్యారంటీ రాయించుకోండి, కానీ జరిమానా మరీ భయపెట్టేలా పెడితే అది ముందే రేటులో కలిసొస్తది.

పని మొదలయ్యాక రోజూ పొద్దున్నే డ్రిల్లింగ్ రిపోర్టు వస్తది, 24 గంటలూ అరగంట లెక్కన ఏం జరిగిందో అందులో ఉంటది. నెలాఖరు బిల్లు దీని మీదే తయారవుద్ది. రాత్రి 2 గంటలకి మడ్ పంపు ఆగి 5 కి నడిస్తే ఆ మూడు గంటలు రిపేర్ కిందే రాయాలి, పనిలో పనిగా హోల్ క్లీనింగ్ (బావి శుభ్రం) చేశాం అని రాస్తే ఫుల్ రేటు పడుద్ది. సైట్లో మీ తరఫు కంపెనీ మ్యాన్, అవతలి టూల్‌పుషర్ (రిగ్గు కాంట్రాక్టర్ తరఫు పెద్ద) ఇద్దరూ ఆ రోజుది ఆ రోజే కూర్చుని చూసి సంతకం పెట్టాలి, ఒప్పుకోని గంట ఉంటే పక్కన రాసి పెట్టాలి, నెల తిరిగాక ఆ మూడు గంటలు ఎవరికీ గుర్తుండవు.